నురగలో పోయిన పేరు

మీ ఊరి పొలం గట్టు మీద పసుపు పూసిన రాయి ఉంటే, దాని మీద ఏం చెక్కి ఉందో మీరెప్పుడైనా వంగి చూశారా? దణ్ణం పెట్టేవాళ్లను మాత్రమే అడగడం లేదు. ఆ దణ్ణాన్ని చూసి నవ్వేవాళ్లనూ అడుగుతున్నాను. నేను రెండో గుంపులోవాణ్ణి. నలభై ఏళ్లుగా మూఢనమ్మకాల మీద రాస్తున్నాను, వేదికలెక్కి వాదిస్తున్నాను. నా వాదన వినీ వినీ విసిగి కూడా నన్ను వదలని స్నేహితులు ఇద్దరున్నారు. మొన్న మిరప కోతల కాలంలో వాళ్లతో కలిసి ఒక రోజు గుంటూరు వెళ్లివచ్చాను. కడుపునిండా తినాలనీ, తీరిగ్గా మ్యూజియం చూడాలనీ వెళ్లాం. తిండి బాగుంది. మిగతాది చెప్పుకోవాలి.

బస్సులో

మా ఊరు ప్రత్తిపాడుకు అవతల, నల్లరేగడి నేలలో ఉంటుంది. ముగ్గురం ఒకే బడిలో చదివాం. ఇశ్రాయేలు సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు, చర్చి పక్క వీధిలోనే ఉంటాడు. శాస్త్రి మా ఊరి గుడి పూజారి. ఆ రోజుకు గుడి తమ్ముడికి అప్పగించి వచ్చాడు. నేను చీరాలలో స్థిరపడ్డాను, ముందు రోజే ఊరు చేరాను.

ప్రయాణం ఇశ్రాయేలు కోసమే. మా ఊరి పొలంలో దొరికిన చెక్కడపు రాయి ఒకటి చాలాకాలంగా మ్యూజియం గోదాములో ఉండేది. ఈమధ్యే దాన్ని గ్యాలరీలో నిలబెట్టారని అతని పాత విద్యార్థి ఒకడు చెప్పాడు. ఆ రాయి మొదట తగిలింది ఇశ్రాయేలు నాన్న దావీదు నాగలికి. అప్పుడాయన వేరేవాళ్ల పొలంలో పాలేరుగా దున్నుతున్నాడు. దున్నినవాళ్లంతా కలిసి దాన్ని గట్టు మీద పాతారు, పసుపు రాశారు. అది పొలమ్మ అయింది. తొలి పత్తి తీతలో మొదటి గుప్పెడు పత్తి ఆమె ముందు పెట్టేవాళ్లు. ఆదివారం చర్చికి వెళ్లే ఇశ్రాయేలు వాళ్లమ్మ కూడా పెట్టేది.

బస్సు కిటికీలోంచి కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు కనిపిస్తోంది. ఇశ్రాయేలు చేతిసంచిలోంచి నోటుపుస్తకం తీశాడు. నిండా బ్రాహ్మీ అక్షరాలు. ఒక్కో అక్షరం పక్కన తెలుగు అక్షరం, బడిపిల్లల కాపీరాతలా వరసగా. రెండేళ్లుగా నేర్చుకుంటున్నాడట. నాకు ఒక్క మాట చెప్పలేదు.

"ఎందుకురా ఈ వయసులో?" అన్నాను.

"మన రాయి మీద అక్షరాలున్నాయిరా. మ్యూజియం వాళ్లు తీసుకెళ్లేటప్పుడు కింద కొంచెం కనిపించాయి. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ స్తూపానికి రాళ్లు ఇచ్చినవాళ్లు పేరూ, చేసే పనీ చెక్కించుకునేవాళ్లట. అట్లా ఇచ్చినవాళ్లలో తోలుపని చేసేవాళ్లు కూడా ఉన్నారట. మా తాత చెప్పులు కుట్టేవాడు కదా. మన ఊరి రాయి ఎవరిచ్చారో నా కళ్లతో చదవాలి. అంతే."

శాస్త్రి ముందు సీటు మీద నుంచి వెనక్కి తిరిగాడు. "మా వాడెవడో ఇచ్చుంటాడు లేరా."

"మీవాళ్లు ఇవ్వడం ఎప్పుడు నేర్చుకున్నార్రా? పుచ్చుకోవడమేగా!" అన్నాడు ఇశ్రాయేలు.

కండక్టరు కూడా నవ్వాడు. శాస్త్రి అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇశ్రాయేలు నవ్వుతూనే పుస్తకం మూసి, రెండు చేతులతో ఒళ్లో పట్టుకున్నాడు. నలభై ఏళ్లు పిల్లలకు రాజుల వరస చెప్పినవాడు. ఆ వరసలో తనవాళ్లు ఎక్కడా లేరని ప్రతి ఏడూ కొత్తగా తెలుసుకున్నవాడు. అతనికి ఆ రాయి మీద ఒక్క మాట కావాలి.

ఇడ్లీ ముందు ఒక ఉపన్యాసం

దిగగానే టిఫిన్. గుంటూరులో ఇడ్లీ తినడానికి పళ్లతో పని లేదు, ధైర్యంతో ఉంది. నెయ్యి పోసి, దాని మీద కారప్పొడి మందంగా చల్లి ఇస్తారు. ప్లేటు నలభై ఐదు రూపాయలు. మా చీరాలలో చట్నీ అడక్కుండానే రెండోసారి వేస్తారు. ఇక్కడ అడగాలి, అడిగాక "ఏ చట్నీ?" అని ఎదురు ప్రశ్న. శాస్త్రి బయట తిండి మానేసి ఏళ్లయిందని బస్సులో చెప్పాడు. నాలుగు ఇడ్లీలు తిని, "నెయ్యి పడింది కాబట్టి దోషం లేదు" అన్నాడు.

మా బల్ల దగ్గర కనిగిరి వైపు రైతు ఒకాయన కూర్చున్నాడు. మిర్చి యార్డుకు కాయ తెచ్చాడు. మేం మ్యూజియానికని తెలిసి, "రాళ్లు చూట్టానికి ఇంత దూరం వచ్చారా?" అన్నాడు. అంతే, నాకు వేదిక దొరికింది.

మా రాయి కథ చెప్పాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, రసాయనశాస్త్రంలో డిగ్రీ చేతికొచ్చిన ఏడాది. ఊళ్లో కుర్రాళ్లం ఒక సంఘం పెట్టుకున్నాం. పొలమ్మ జోలికి వెళితే కళ్లు పోతాయని ఊరంతా నమ్మేది. ఒక ఆదివారం సాయంత్రం జనాన్ని పోగేశాం. శాస్త్రి వాళ్ల నాన్న అడ్డం వచ్చి వద్దన్నాడు, రాయి కోపగించుకుంటుందన్నాడు. నేను పసుపూ కుంకుమా గీకేసి, రాయి మీద సీసాడు యాసిడ్ పోశాను. బుసబుసా నురగ లేచింది. ఆడవాళ్లు కేకలు పెట్టారు, అమ్మవారు ఉగ్రరూపం ఎత్తిందన్నారు. "ఇది కోపం కాదు, సున్నపురాయి! సున్నపురాయి మీద యాసిడ్ పడితే నురగే వస్తుంది. తరగతి గదిలో నేర్పే పాఠం ఇది!" అని అరిచి, ఇంకో సీసా పోశాను. నా కళ్లు పోలేదు. మర్నాటి నుంచి ఆ రాయికి ఎవరూ పసుపు రాయలేదు.

ఈ కథ ఎన్ని సభల్లో చెప్పానో నాకే లెక్క తెలియదు. చప్పట్లు ఎక్కడ పడతాయో తెలుసు. అక్కడ ఒక క్షణం ఆగుతాను. ఆ రోజూ ఆగాను.

కనిగిరి రైతు చప్పట్లు కొట్టలేదు. చెయ్యి కడుక్కొచ్చి, "ఇంతకీ రాయి మీద ఏముందండీ?" అన్నాడు.

"ఏముంటుందండీ, రాయి! పసుపు తీసేస్తే ఉత్త రాయి."

ఇశ్రాయేలు తల ఎత్తి నన్ను చూశాడు. మళ్లీ కాఫీలోకి చూసుకున్నాడు. అప్పుడైనా నాకు తట్టాల్సింది. తట్టలేదు.

తుమ్ముల దారి

రైతుతో పాటు యార్డు దాకా వెళ్లాం. గేటు ఇంకా వంద అడుగులుండగానే ముగ్గురం తుమ్ములు మొదలుపెట్టాం. బయల్దేరేటప్పుడు తుమ్మితే ఆగాలని శాస్త్రి పట్టింపు.

"ఆగరా, ఒంటి తుమ్ము తుమ్మావు" అన్నాడు నాతో.

"ఇక్కడ తుమ్ముకు ఆగితే గుంటూరు జనం ఒక్కడూ సాయంత్రానికి ఇల్లు చేరడు."

"అందుకే ఇక్కడ రెండోది వెంటనే వస్తుంది. శాస్త్రానికి అన్నీ తెలుసు" అని, తనూ తుమ్మాడు.

పక్క వీధిలో ఒక షెడ్డు నీడన ఆడవాళ్లు వరసగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. మోచేతుల దాకా నూనె మెరుస్తోంది. ఒకామె చేతివేగం చూస్తూ నిలబడిపోయాను. నిలబడితే ఊరుకోలేను కదా. రబ్బరు గ్లౌజులు వేసుకోవాలనీ, యజమానిని అడిగి తీసుకోవడం హక్కనీ చెప్పడం మొదలుపెట్టాను.

"ఇచ్చారు బాబాయ్, ఇచ్చారు" అంది ఆమె తల ఎత్తకుండా. "అవేసుకుంటే తొడిమ వేళ్లకు దొరకదు. రెండు రోజులేసుకుని మావాడి ఆటలకిచ్చా. పని మొదలెట్టకముందే నూనె పట్టించామనుకో, మంట లోపలికి దిగదు. నువ్వెప్పుడైనా తీశావా తొడిమ?"

"లేదమ్మా."

"మరి అడిగి చెప్పొచ్చుగా!"

షెడ్డంతా నవ్వింది. శాస్త్రి ఆ మాటను మధ్యాహ్నం దాకా నాకు అప్పజెబుతూనే ఉన్నాడు.

మెస్సు

భోజనం ఒక పాత ఇంటి మెస్సులో. నూట ముప్పైకి అరిటాకు నిండింది: ముద్దపప్పు, దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడిలో నంజుకోను పచ్చి ఉల్లిపాయ, ఉలవచారు మీద మీగడ, చివర గడ్డపెరుగు. గోంగూర మొదటి ముద్దకే చెవులు వేడెక్కాయి. వడ్డించే పెద్దామె ముగ్గురి ఆకుల ముందూ సమంగా వంగి, "ఇంకొంచెం వేయించుకోండి నాన్నా, సిగ్గుపడితే ఆకు చిన్నబుచ్చుకుంటుంది" అంటోంది. మా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో ఇశ్రాయేలుకు గ్లాసు విడిగా ఉండేది. శాస్త్రీ అతనూ పక్కపక్కన కూర్చుని ఒకే గిన్నెలోంచి నెయ్యి వేసుకోవడం చూస్తే నాకు గర్వంగా అనిపించింది. ఆ మార్పులో నా రాతలకూ కొంత వాటా ఉందని మనసులో అనుకున్నాను కూడా. నిజం రాస్తున్నాను కనుక అదీ రాస్తున్నాను.

ఇశ్రాయేలు సరిగా తినలేదు. "పెరుగు నాకొద్దమ్మా" అని లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని నిలబడ్డాడు.

"ఏరా, పెళ్లిచూపులకా?" అన్నాడు శాస్త్రి.

"అట్లాగే ఉందిరా" అన్నాడు.

రాయి ముందు

మ్యూజియం చల్లగా, ఖాళీగా ఉంది. మూడో గదిలో, కిటికీ వెలుతురు పడేచోట మా రాయి నిలబెట్టి ఉంది. నేను గుర్తుపట్టలేదు. ఇశ్రాయేలు గుర్తుపట్టాడు. పాలిపోయిన ఆకుపచ్చ రంగు, నా ఛాతీ ఎత్తు. పైన సగం విచ్చిన పద్మం, కింద మూడు వరసల అక్షరాలకు చోటు. పక్కన చీటీ మీద మా ఊరి పేరుంది.

అతను కళ్లజోడు మార్చుకున్నాడు. రాతికి తగలకుండా, గాలిలో వేలు నడిపిస్తూ అన్నిటికంటే కింది వరస కూడబలుక్కున్నాడు. "స... పు... త... క... స." పుస్తకం చూసుకున్నాడు. మళ్లీ మొదటినుంచి. చివర రెండక్షరాలు మాత్రం పుస్తకం చూడకుండానే చదివాడు. "దానం!"

గదిలో అక్షరాల నకలు సరిచూస్తున్న ఒక అమ్మాయి ఆ గొంతు విని దగ్గరికొచ్చింది. శాసనాలు చదవడమే ఆమె ఉద్యోగం. "బాగా చదివారు సర్! ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇంట్లోనే అమ్మా. దీని అర్థం?"

"కొడుకులతో, కూతుళ్లతో కలిసి ఇచ్చిన దానం అని. కుటుంబమంతా కలిసి ఇచ్చారన్నమాట."

"ఎవరమ్మా?"

"అది పై వరసలో ఉండాలి సర్. పేరు, ఊరు, చేసే పని. మొదటి వరస పూర్తిగా లేదు, రెండోది అక్కడక్కడ గీతలు."

ఇశ్రాయేలు పైవరస ఉండాల్సిన చోట ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. నున్నగా, చప్పరించి వదిలిన పటికబెల్లంలా ఉంది. "వానకు అరిగిపోయిందా?"

"అరిగితే ఇట్లా ఉండదు సర్. ఇది కరిగింది. చూడండి, పద్మం మీద నుంచి కిందకు కారిన చారలు. ఎవరో యాసిడ్ పోశారు. ఈ గీత దాకా రాయి మట్టిలో పాతి ఉండేది, అందుకే కింది వరస మిగిలింది."

"అంతకుముందు పసుపు రాసేవాళ్లమ్మా. దానివల్ల ఏమైనా..."

"పసుపూ నూనే పేరుకుంటే మాకు అదృష్టమే సర్. మెత్తని బ్రష్షుతో వారాల తరబడి తీస్తాం. కింద అక్షరం నిన్న చెక్కినట్టు ఉంటుంది."

ఇశ్రాయేలు చాలా మెల్లగా అడిగాడు. "తోలుపని చేసేవాళ్లయి ఉండొచ్చా అమ్మా?"

ఆ అమ్మాయి తొందరపడి ఊరడించలేదు. "ఉండొచ్చు సర్. అట్లాంటి దానాలు ఉన్నాయి. కాకపోనూ వచ్చు. రాయి చెప్పాలి, నేను చెప్పకూడదు." తర్వాత మా ముగ్గురివైపూ చూసింది. "మీది ఆ ఊరే అనుకుంటా. యాసిడ్ ఎవరు, ఎప్పుడు పోశారో తెలుసా? అంతకుముందు ఎవరైనా ఫొటో తీశారేమో, కాగితం మీద అచ్చు అద్దుకున్నారేమో తెలిస్తే, రెండు మూడు అక్షరాలైనా పట్టుకోవచ్చు."

శాస్త్రి నన్ను చూశాడు. పొద్దుట్నుంచీ నన్ను ఒక్క నిమిషం వదలనివాడు, అప్పుడు ఏమీ అనలేదు.

నేను పద్మం రేకుల్ని చూస్తున్నాను. ఎవరితోనైనా, ఎంతమంది ముందైనా నిలబడి మాట్లాడగలనని పేరున్న నేను, ఆ అమ్మాయి ముందు రేకులు లెక్కపెడుతూ నిలబడ్డాను.

"చాలా కాలమైందమ్మా" అన్నాడు ఇశ్రాయేలు.

ఆమె థాంక్స్ చెప్పి తన పనిలోకి వెళ్లిపోయింది. ఇశ్రాయేలు ఇంకోసారి కింది వరస చదివాడు, ఈసారి ఆగకుండా. మిగతా గదులు చూశామో లేదో నాకు గుర్తులేదు.

తిరుగు బస్సు

బస్టాండు దగ్గర శాస్త్రి మాల్‌పూరీలు కొన్నాడు. కాగితంలోంచి పాకం కారి నా చొక్కా పాడైంది. ఎవరూ నవ్వలేదు. ప్రత్తిపాడు దాటాక ఇశ్రాయేలు కిటికీవైపు తిరిగే అన్నాడు.

"నువ్వు చెబుతావని చూశాన్రా."

సిగ్గుతో నోట్లోంచి అతి నీచమైన మాట వచ్చింది. "ఆ రోజు సీసాలు మోసుకొచ్చింది నువ్వేగా!"

"మోశాను. నేను కూడా నీ సంఘంలోవాణ్ణే. అది నేను చెప్పుకుంటాను. నీది నువ్వు చెప్పాలిగా."

శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. వాళ్ల నాన్న మాట ఎత్తుతాడనుకున్నాను. ఎత్తితే నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: మీ నాన్న చెప్పిన కారణం తప్పు, రాయికి కోపం రాదు. కానీ శాస్త్రి, "పూరీ తినండ్రా, చల్లారిపోతుంది" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడూ అదే అంటాను. రాయికి కోపం రాదు, కళ్లు పోవు. హేతువాదాన్ని వదులుకోవడానికి ఈ కథ రాయడం లేదు. ఆ సాయంత్రం నేను చేసింది హేతువాదం కాదని ఒప్పుకోవడానికి రాస్తున్నాను. పరీక్ష చేసేవాడు ముందు వస్తువును చూస్తాడు. నేను జనాన్ని చూశాను. ఆ రాయి ఏమిటన్న ప్రశ్న అడక్కుండానే జవాబు సీసాలో పట్టుకెళ్లాను. ఏమీ తెలియని ఆడవాళ్లని నేను నవ్విన మా ఊరి ఆడవాళ్లు ఏళ్ల తరబడి పసుపు రాసి, తెలియకుండానే, ఆ పేరు కాపాడారు. అన్నీ తెలిసిన నేను గుక్కెడు నీళ్లు తాగేంత సేపట్లో దాన్ని కరిగించాను. ఇరవై రెండేళ్లవాడి పొగరును ఎవరైనా క్షమించొచ్చు. అరవై దాటినవాడి మౌనాన్ని నేనే క్షమించలేకపోతున్నాను.

చీరాల చేరాక పాత పెట్టె తెరిచాను. ఆ ఆదివారం సంఘం కుర్రాడొకడు తీసిన ఫొటో ఉంది, ఒక్కటే. ఇశ్రాయేలు కోసం భూతద్దం పెట్టి వెతికాను. రాయి నిండా తెల్లటి నురగ. ఒక్క అక్షరం కూడా కనిపించలేదు. నా ముఖం మాత్రం స్పష్టంగా ఉంది.

ఆ ఫొటోతో పాటు మ్యూజియం అమ్మాయికి ఉత్తరం రాశాను. ఎవరు పోశారు, ఎంత పోశారు, ఎందుకు పోశారు, అన్నీ. రాయి తగిలింది దావీదు నాగలికని కూడా రాశాను. ఇన్నేళ్ల నా సభల్లో ఒక్కసారి కూడా నేను పలకని పేరది. ఉత్తరం ముందు ఇశ్రాయేలుకు ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "తేదీ వెయ్యి" అన్నాడు. పోయిన వరస తిరిగి రాదని మా ఇద్దరికీ తెలుసు.

ఇక మీ సంగతి. ఈ ఆదివారమే మీ ఊరి గట్ల మీదకు వెళ్లండి. మీరు భక్తులైతే ఆ రాయికి ఆయిల్ పెయింటూ సిమెంటూ పూయకండి. నా లాంటివాళ్లయితే గీకకండి, కడగకండి, పక్కకు లాగకండి. నాలుగువైపులా ఫొటో తీయండి. మొదట అది ఎవరి గడ్డపారకు, ఎవరి నాగలికి తగిలిందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, ఆ మనిషి పేరు కాగితం మీద పెట్టండి. ఫొటోలూ ఆ కాగితమూ శాసనాలు చదవగలిగినవాళ్ల చేతికి చేర్చండి. వాళ్లు వచ్చి చూసేదాకా ఆ రాయి మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి, అడ్డం నిలబడండి.